హార్లెక్విన్, ప్రొఫెసరు, సనదు: కరోలీన్ నాయ్‌బర్ నాటక జీవితం

18వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ నగరం లైప్‌జిగ్‌లో మంచి నాటకం చూడాలనుకున్నవారు మాంసం అంగళ్ల పైఅంతస్తుకు వెళ్లేవారు. కింద కసాయి దుకాణాలు, పైన వేదిక. ఆ ఊరున్న సాక్సనీ సంస్థానపు ప్రభువు ఇచ్చిన సనదు, అంటే నాటకాలాడే అనుమతి పత్రం, ఉన్న నాటక సమాజానికే ఆ వేదిక దక్కేది. ఏడాదిలో మూడుసార్లు, అంటే కొత్త సంవత్సరానికి, ఈస్టర్‌కు, శరత్కాలంలో సెయింట్ మైకేల్ పండుగకు, ఆ ఊళ్లో పెద్ద సంతలు జరిగేవి. దూరదేశాల వర్తకులు దిగేవారు. చేతిలో డబ్బు, సాయంత్రం పూట తీరిక ఉన్న జనం ఒకేచోట అంతమంది పోగయ్యే రోజులు జర్మన్ నేలమీద చాలా తక్కువ. అందుకే ఆ వేదిక ఎవరి చేతిలో ఉందన్నది నాటక సమాజాలకు తిండిగింజల విషయం.

1727 నుంచి 1733 దాకా అది ఫ్రీడెరికే కరోలీన్ నాయ్‌బర్ చేతిలో ఉంది.

జర్మన్ నాటక చరిత్రలో ఆమె గురించి ఒక కథ స్థిరపడిపోయింది. ప్రొఫెసర్ గాట్‌షెడ్ అనే పండితుడు జర్మన్ రంగస్థలాన్ని సంస్కరించాలనుకున్నాడు, ఆమె ఆయనకు అండగా నిలిచింది, 1737లో హాస్యగాడు హార్లెక్విన్‌ను వేదిక మీది నుంచి బహిరంగంగా వెళ్లగొట్టింది, తర్వాత ప్రొఫెసర్‌తో చెడింది, చివరికి పేదరికంలో పోయింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథలో ఆమె ప్రొఫెసర్ చేతిలో పనిముట్టులాగో, కళకు బలైన త్యాగమూర్తిలాగో మాత్రమే కనిపిస్తుంది. ఆమె ఒక సంచార నాటక సమాజానికి యజమానురాలు. ప్రతి శనివారం జీతాలు ఎలా ఇవ్వాలి, వచ్చే నెల ఏ ఊళ్లో ఆడాలి, ఏ ప్రభువు కాళ్లు పట్టుకోవాలి అని ఆలోచించక తప్పని మనిషి. ఆ లెక్కలు పక్కన పెట్టి చూస్తే ఆమె నిర్ణయాల్లో సగం వింతగా కనిపిస్తాయి. ఆ లెక్కలతో కలిపి చూస్తే దాదాపు అన్నిటికీ కారణం దొరుకుతుంది.

రాజు పోతే సనదు పోయినట్టే

ముప్పై ఏళ్ల యుద్ధం 1648లో ముగిసేసరికి జర్మన్ భూములు వందల సంస్థానాలుగా, స్వతంత్ర నగరాలుగా చీలి ఉన్నాయి. పారిస్, లండన్ వంటి రాజధాని అక్కడ లేదు. ఏడాది పొడవునా ఒక నాటకశాలను పోషించగలిగేంత పెద్ద నగరమూ లేదు. అందువల్ల నటులే ప్రేక్షకుల దగ్గరకు పోవాలి. 16వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇంగ్లండ్ నటులు వచ్చి దర్బారుల్లో, సంతల్లో ఆడి ఈ పద్ధతికి బాట వేశారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న స్థానికులు తర్వాత సొంత సమాజాలు కట్టుకున్నారు.

ఇలాంటి సమాజానికి యజమాని అంటే దర్శకుడు, ప్రధాన నటుడు, గుమాస్తా, అర్జీల రచయిత, అందరూ ఒక్కరే. యజమాని ఆస్తి నాలుగు రకాలు: దుస్తుల పెట్టెలు, రంగులద్దిన తెరలు, చేతిరాత నాటక ప్రతులు, సనదు. మొదటి మూడూ బండికెక్కించవచ్చు. నాలుగోది లేకపోతే బండి ఊరి ద్వారం దగ్గరే ఆగిపోతుంది. ఒక సంస్థానాధిపతి ఇచ్చిన సనదు ఆయన ఎల్లలు దాటితే చెల్లదు. దాని బలంతో పొరుగు నగరపాలక మండలికి అర్జీ పెట్టుకోవచ్చు, అంతే. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వారి ఇష్టం. ఒప్పుకుంటే పేదల నిధికి వాటా కట్టమనేవారు. క్రిస్మస్ ముందు రోజుల్లో, ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో నాటకం నిషేధం. రాజకుటుంబంలో ఎవరైనా పోతే సంతాప దినాల్లోనూ నిషేధం. నటుల కడుపుకు మాత్రం నిషేధ దినాలు ఉండవు కదా!

అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి ఉంది. సనదు ఇచ్చేది ప్రభుత్వం కాదు, ప్రభువు. ఆయన పోతే సనదు కూడా పోతుంది. కొత్త ప్రభువు మళ్లీ ఇస్తేనే ఉన్నట్టు.

నాయ్‌బర్ కంటే ఒక తరం ముందు యోహానెస్ వెల్టెన్ అనే నాయకుడు ఈ దెబ్బ తిన్నాడు. ఆయన విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నవాడు. ఫ్రెంచి రచయిత మోలియేర్ నాటకాలను జర్మన్‌లో ఆడించాడు. స్త్రీ పాత్రలు స్త్రీలకే ఇచ్చిన తొలి నాయకుల్లో ఒకడు. 1685లో సాక్సనీ పాలకుడు ఆయన బృందాన్ని డ్రెస్డెన్ దర్బారులో జీతానికి పెట్టుకున్నాడు. సంచార నటులకు అంతటి భాగ్యం అరుదు. 1691లో ఆ పాలకుడు చనిపోయాడు. మరుసటి ఏడాది కొత్త పాలకుడు బృందాన్ని పంపించేశాడు. మళ్లీ బండ్లు కట్టక తప్పలేదు. వెల్టెన్ ఆ తర్వాత కొద్దికాలానికే హాంబర్గ్‌లో కన్నుమూశాడు. భార్య కాతరినా ఎలిజబెత్ సమాజాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. 1701లో మాగ్డెబర్గ్ మతబోధకుడొకడు నాటకం పాపమని విరుచుకుపడితే, నాటకాన్ని సమర్థిస్తూ ఆమె స్వయంగా ఒక పుస్తకం అచ్చు వేయించింది. అంటే నాయ్‌బర్ రంగంలోకి వచ్చేనాటికే ఒక స్త్రీ నాటక సమాజాన్ని నడపడం, కలం పట్టి దాన్ని కాపాడుకోవడం జర్మన్ నేలకు కొత్త కాదు. ఆమెను ఒంటరి అద్భుతంగా చూపే రాతలు ఈ సంగతిని మరచిపోతుంటాయి.

ఇల్లు విడిచిన అమ్మాయి

కరోలీన్ 1697 మార్చి 9న సాక్సనీలోని రైషెన్‌బాఖ్‌లో పుట్టింది. ఇంటిపేరు వైసెన్‌బోర్న్. తండ్రి న్యాయవాది. కుటుంబం త్స్విక్కావ్ పట్టణానికి మారిన కొన్నేళ్లకే, 1705లో, తల్లి చనిపోయింది. తండ్రి కోపిష్టి, చేయి చేసుకునేవాడు. పదిహేనేళ్ల వయసులో, 1712లో, తండ్రి దగ్గర పనిచేసే యువకుడితో ఆమె ఇల్లు విడిచి పారిపోయింది. తండ్రి ఫిర్యాదుతో ఇద్దరినీ పట్టుకున్నారు. ఆమె కొన్ని నెలలు జైల్లో గడిపింది. దెబ్బలకు భయపడే ఇల్లు వదిలానని ఆమె విచారణలో చెప్పింది. ఆ కోర్టు కాగితాలు మిగిలి ఉండబట్టే ఆమె బాల్యం గురించి మనకు ఇంత తెలుసు. కాలగర్భంలో కలిసిపోయిన వేలమంది సంచార నటుల్లో ఆమె గొంతు తొలిసారి వినిపించేది ఒక నేర విచారణలో. ఇది నన్ను ఎప్పుడూ కలచివేసే విషయం.

1717లో ఆమె మళ్లీ ఇల్లు వదిలింది, ఈసారి యోహాన్ నాయ్‌బర్‌తో. ఇద్దరూ స్పీగెల్‌బర్గ్ అనే నాయకుడి సమాజంలో చేరారు. 1718లో బ్రౌన్‌ష్వైగ్‌లో పెళ్లి చేసుకున్నారు. తర్వాత హాక్-హాఫ్‌మన్ సమాజానికి మారారు. అది వెల్టెన్ పరంపరకు చెందిన సమాజం.

ఆమె తొలి కీర్తి హాస్య పాత్రల్లో వచ్చింది, ముఖ్యంగా మగ వేషాల్లో. ఒక నాటకంలో యేనా, హాలె, విటెన్‌బర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాల విద్యార్థులుగా నాలుగు వేషాలు వేసి, ఏ ఊరి విద్యార్థి తీరు ఎలా ఉంటుందో నాలుగు రకాలుగా నటించి చూపింది. ఆ ప్రదర్శన చూసి 1725లో తన వారపత్రికలో మెచ్చుకుంటూ రాసినవాడు యోహాన్ క్రిస్టోఫ్ గాట్‌షెడ్.

గాట్‌షెడ్ కూడా ఒక రకంగా పారిపోయి వచ్చినవాడే. ప్రష్యా రాజు సైన్యంలోకి పొడుగాటి మగవాళ్లను పట్టుకుపోయే రోజులవి. గాట్‌షెడ్ చాలా పొడగరి. వాళ్లకు చిక్కకుండా 1724లో కోనిగ్స్‌బర్గ్ నుంచి లైప్‌జిగ్ చేరాడు. జర్మన్ భాషకు ఫ్రెంచివారి స్థాయిలో సాహిత్యం కావాలని ఆయన తపన. అప్పటి వేదిక మీద ఆయన చూసింది మరొకటి. రాజుల హత్యలు, యుద్ధాలు, పెద్ద పెద్ద మాటలు, వాటి మధ్యలో హఠాత్తుగా దూరి బూతు హాస్యం చేసే విదూషకుడు. తోలుబొమ్మలాటలో రామరావణుల సంభాషణకు అడ్డు తగిలి జనాన్ని నవ్వించే కేతిగాడిని తలచుకుంటే ఈ హార్లెక్విన్ పాత్ర మనకు వెంటనే అర్థమవుతుంది. రాసిన సంభాషణలు తక్కువ. కథాక్రమం రాసిన కాగితాన్ని తెర వెనక తగిలించేవారు. నటులు అది చూసుకుని వేదికెక్కి, మాటలు అప్పటికప్పుడు అల్లుకునేవారు.

పద్య నాటకం ఖర్చు ఎంత?

1727లో పాత సమాజం చెదిరిపోయాక మిగిలిన నటులను కూడగట్టి నాయ్‌బర్ దంపతులు సొంత సమాజం స్థాపించారు. పోలండ్ రాజు, సాక్సనీ పాలకుడు అయిన అగస్టస్ నుంచి ఆ ఏడే సనదు సంపాదించారు. కాగితాల మీద భర్త పేరు ఉన్నా నడిపింది ఆమేనని అప్పటివారికి తెలుసు. గాట్‌షెడ్ సలహాతో ఫ్రెంచి విషాద నాటకాల అనువాదాలు ఒక్కొక్కటిగా వేదికెక్కాయి. ప్రాడోన్, కార్నేయ్, రసీన్‌లవి. గాట్‌షెడ్ సొంత నాటకం 'మరణిస్తున్న కాటో'ను కూడా 1731లో ఆడారు. కోల్‌హార్ట్ అనే నటుడు కాటో పాత్రలో పేరు తెచ్చుకున్నాడు.

సాహిత్య చరిత్రకారులకు ఇది సంస్కరణ. సమాజం నడిపే మనిషి కళ్లతో చూడండి. అప్పటికప్పుడు అల్లుకునే నాటకానికి కంఠస్థం చేయాల్సింది పెద్దగా ఉండదు. పద్య నాటకంలో ఒక్కొక్క పాత్రకు వందల పంక్తులు. అంత్యప్రాస తప్పితే ప్రేక్షకుడికి కూడా తెలిసిపోతుంది. స్థిరమైన నాటకశాలలో ఒక నాటకాన్ని శ్రద్ధగా తయారుచేసి పలుమార్లు ఆడవచ్చు. ఊరూరా తిరిగే సమాజానికి ఆ వెసులుబాటు లేదు. ఒక ఊళ్లో నాటకం చూసేవాళ్లు కొద్దిమందే. వాళ్లే మళ్లీ మళ్లీ రావాలంటే రోజుకొక కొత్త నాటకం కావాలి. 1735లో హాంబర్గ్‌లో ఎనిమిది నెలల పాటు ఉండి సుమారు 200 ప్రదర్శనలు ఇచ్చారు. 70కి పైగా వేర్వేరు నాటకాలు, వాటికి తోడు చివర్లో ఆడే చిన్న ప్రహసనాలు లెక్కకు మిక్కిలి. ఆ నటుల జ్ఞాపకశక్తిని తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అందుకే ఆమె సమాజం లోపల ఒక ఇంటి క్రమశిక్షణ పెట్టింది. పెళ్లికాని నటీమణులు ఆమె ఇంట్లోనే ఉండాలి. పెళ్లికాని నటులు ఆమె బల్ల దగ్గరే భోజనం చేయాలి. ఖాళీ వేళల్లో ఆడవాళ్లు దుస్తులు కుట్టాలి, మగవాళ్లు రంగుల పని, ప్రకటనల పని చేయాలి. నీతి పేరుతో చేసిన ఏర్పాటు ఇది. నటులంటే పరువులేని జనం అని మతగురువులు అనే రోజుల్లో నగరపాలక మండళ్ల దగ్గర మంచిపేరుకు విలువ ఉంది. వంటఖర్చు, కుట్టుకూలి కూడా కలిసి వస్తాయి. ఆదర్శం, అవసరం ఒకే దారిలో నడిచిన చోటు ఇది. అన్నిచోట్లా అలా జరగలేదు.

మరో చిక్కు పుస్తకాల వల్ల వచ్చింది. సంచార సమాజానికి నాటక ప్రతులు రహస్య ధనం. ప్రతి తమ దగ్గరే ఉంటేనే ఆ నాటకం తమది. గాట్‌షెడ్ కోరుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నాటకం అచ్చయి దేశమంతా చదవాలి, ఎవరైనా ఆడాలి. 'కాటో' 1732లో అచ్చయింది. 1741 నుంచి 1745 దాకా ఆరు సంపుటాలుగా ఆయన తన ఆదర్శ నాటకాలను ప్రచురించాడు. జర్మన్ సాహిత్యానికి అది గొప్ప మేలు. కానీ నాయ్‌బర్ నటులు కష్టపడి జనానికి అలవాటు చేసిన నాటకాలు పుస్తకం కొనుక్కున్న ప్రతి పోటీదారుడి సొత్తూ అయిపోయాయి. తమ ప్రయోజనాలు ఒకటి కావని ఇద్దరికీ తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

1733: ఒక మరణం, ఒక పోటీదారుడు

1733 ఫిబ్రవరి 1న అగస్టస్ చనిపోయాడు. దానితో నాయ్‌బర్ సనదు చెల్లకుండా పోయింది. పాత హాక్-హాఫ్‌మన్ సమాజంలో ఒకప్పుడు వాళ్లతో కలిసి పనిచేసిన యోజెఫ్ ఫెర్డినాండ్ ముల్లర్ కొత్త పాలకుడి దగ్గర సనదు సంపాదించాడు. మాంసం అంగళ్ల పైన వేదిక అతని పరమైంది. ముల్లర్ ఏ వేషాలకు పేరుపొందిన నటుడో గమనించాలి. అతను హార్లెక్విన్.

ఆమె ఊరుకోలేదు. అర్జీ మీద అర్జీ పెట్టింది, వాటిలో కొన్ని పద్యంలో. 1734లో ఈ తగాదానే వస్తువుగా తీసుకుని ఒక చిన్న నాటకం రాసి ఆడింది, అచ్చు కూడా వేయించింది. దాని ముందుమాట జర్మన్ నాటక చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన పుట: "ప్రియమైన పాఠకుడా, ఇదిగో నీకు చదవడానికి కొంత. ఎవరో మహాపండితుడు రాసింది కాదు, కాదు! కేవలం ఒక ఆడమనిషి రాసింది." ఆమె హోదాను అట్టడుగు జనంలో వెతుక్కోమని, ఆమె ఒట్టి నాటకాల మనిషి అని అక్కడే చెప్పుకుంటుంది. వినయంగా మొదలయ్యే ఆ వాక్యాల్లో ఎంత ఆత్మగౌరవం ఉందో చూడండి. లోకం తనను ఏమంటుందో ముందే తనే అనేసి, ఇక నా మాట వినండి అంటోంది.

లైప్‌జిగ్ చేజారింది. తిరుగుడు పెరిగింది. హాంబర్గ్, లూబెక్, కీల్, ఫ్రాంక్‌ఫర్ట్, స్ట్రాస్‌బర్గ్. ప్రభువుల మరణాలు ఆమెను వెంటాడుతూనే ఉన్నాయి. ఆదరించిన బ్రౌన్‌ష్వైగ్ సంస్థానంలో 1735 ఒక్క ఏడాదిలోనే ఇద్దరు డ్యూకులు పోయారు. 1736లో తన దర్బారు నటులుగా హోదా ఇచ్చిన హోల్‌స్టైన్ డ్యూక్ 1739లో చనిపోయాడు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆమె కాలి కింద నేల ఎలాంటిదో తెలుస్తుంది.

హార్లెక్విన్‌ను ఎందుకు తరిమింది?

ఇక 1737. శరత్కాలపు సంత సమయంలో లైప్‌జిగ్ కోట గోడ బయట, బోసే వారి తోట దగ్గర ఏర్పాటు చేసిన వేదిక మీద ఆమె ఒక చిన్న నాటకం ఆడింది. అందులో హార్లెక్విన్‌ను వేదిక మీది నుంచి బహిష్కరించింది. ఆ నాటక ప్రతి మిగలలేదు. దిష్టిబొమ్మను తగలబెట్టారన్న మాట తర్వాతివారి నోట పెరిగింది. దానికి ఆధారం బలహీనం.

ఇది గాట్‌షెడ్ సిద్ధాంతానికి ప్రదర్శన రూపమని పుస్తకాలు చెబుతాయి. నిజమే. అయితే ఆ వారాల్లో కోట గోడ లోపల, సనదు ఉన్న వేదిక మీద ఆడుతున్నవాడు ఎవరు? ముల్లర్, అంటే హార్లెక్విన్ వేషధారి. గోడ బయట ఉన్న నాయకురాలు సంతకు వచ్చిన జనానికి తమ ఇద్దరి మధ్య తేడా ఏమిటో చూపుతోంది. అక్కడ కోతిచేష్టలు, ఇక్కడ కళ. పోటీదారుడిని పేరెత్తకుండా కొట్టిన దెబ్బ ఇది. అంతమాత్రాన ఆదర్శం బూటకమని కాదు. ఆమె ఏళ్ల తరబడి నష్టాలకు ఓర్చి పద్య నాటకాలు ఆడించింది. అది బూటకమైతే చేయలేని పని. ఆమె ఒకే పనితో నమ్మకాన్నీ చాటింది, బతుకు పోరాటమూ చేసింది. ఈ రెండింటిని విడదీయాలని చూసే పండితులు నాటక సమాజం ఎలా నడుస్తుందో ఆలోచించలేదని నా అభిప్రాయం.

తర్వాతి తరపు గొప్ప రచయిత లెస్సింగ్ ఈ బహిష్కరణను తీవ్రంగా విమర్శించాడు. ఇంతవరకు ఆడిన హార్లెక్విన్ ఆటలన్నిటిలోకీ పెద్దది ఇదేనని 1759లో రాశాడు. 1767లో మరో ముఖ్యమైన వివరం ఇచ్చాడు. జర్మన్ వేదికలు తీసేసింది రంగురంగుల అంగీని, పేరునే. విదూషకుడు అలాగే ఉన్నాడు. నాయ్‌బర్ కూడా అతను ప్రధాన పాత్రగా ఉన్న నాటకాలు ఎన్నో ఆడింది. కాకపోతే ఆమె దగ్గర అతని పేరు హెన్షెన్, అతుకుల రంగు అంగీ బదులు తెల్లని దుస్తులు.

ఈ తెల్ల దుస్తుల మీద చూపు కాసేపు నిలపాలి. లెస్సింగ్‌కు ఇది పైపై సంస్కరణకు నిదర్శనం. నాకు ఇది ఒక యజమానురాలి లెక్క. సాయంత్రానికి టిక్కెట్లు అమ్ముడుపోవాలి. విషాద నాటకం చూసిన జనం చివర్లో కాస్త నవ్వుకుని ఇంటికి పోవాలనుకుంటారు. ఆ నవ్వు బూతు లేకుండా, రాసిన మాటలతో రావాలని ఆమె కోరిక. పేరు మార్చింది, రంగు మార్చింది, నోటికి కళ్లెం వేసింది, మనిషిని ఉంచుకుంది. జనాన్ని పోగొట్టుకోకుండా జనం అభిరుచిని మెల్లగా మళ్లించడానికి ఆమెకున్న దారి అదొక్కటే.

అయినా ఓపికకు హద్దు ఉంటుంది. 1740 ఆరంభంలో హాంబర్గ్‌లో ఖాళీ కుర్చీల ముందు ఆడి ఆడి విసిగిపోయిన ఆమె, వేదిక మీద నుంచే ఆ ఊరివారి అభిరుచిని మందలించింది. నగరపాలకులకు కోపం వచ్చింది. అక్కడ ఆమెకు తలుపులు మూసుకున్నాయి. యజమానిగా అది ఘోరమైన తప్పు. కానీ పదమూడేళ్లు ప్రేక్షకుల ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి ఒక్క సాయంత్రం మనసులో మాట బయటపెట్టిందంటే నేను ఆమెను తప్పుపట్టలేను.

పీటర్స్‌బర్గ్, చీకటి లాంతరు

అదే సమయంలో రష్యా సామ్రాజ్ఞి అన్నా నుంచి పిలుపు వచ్చింది. దర్బారులో ఆడే అవకాశం, స్థిరమైన ఆదాయం. ఇరవై ఏళ్ల సంచారం తర్వాత అంతకంటే ఏం కావాలి? సమాజం పీటర్స్‌బర్గ్ చేరింది. 1740 అక్టోబరులో అన్నా చనిపోయింది. మళ్లీ అదే కథ. 1741లో వెనక్కి బయలుదేరారు.

తిరిగి వచ్చేసరికి జర్మన్ రంగస్థలం మారిపోయింది. ఆమె దగ్గర పనిచేసిన షోనెమన్ 1740లోనే సొంత సమాజం పెట్టుకున్నాడు. గాట్‌షెడ్ ఇప్పుడు అతనికి అండ. ప్రొఫెసర్‌తో చెడడానికి కారణం చూడటానికి చిన్నది. వోల్టేర్ నాటకం 'అల్జీర్'ను గాట్‌షెడ్ భార్య లూయీజ్ అనువదించింది. దాన్నే ఆడాలని ఆయన పట్టు. నటులు అప్పటికే మరొకరి అనువాదం కంఠస్థం చేసి ఉన్నారు. నేర్చుకున్నది మరచి మళ్లీ నేర్చుకోమని నటులకు చెప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని రాసేవారికి అది అహంకారంలా కనబడుతుంది. రేపు మరో ఊళ్లో మరో నాటకం ఆడాల్సినవారికి అది అసాధ్యం.

1741 సెప్టెంబరులో లైప్‌జిగ్‌లో ఆమె జవాబు చెప్పింది. వేదిక మీద వేషాలు చరిత్రకు తగినట్టు ఉండాలని గాట్‌షెడ్ పట్టుబట్టేవాడు. సరే అని 'కాటో'లో ఒక అంకాన్ని రోమన్ దుస్తుల్లో ఆడించింది. విగ్గులు, పొడుగు కోట్లు వేసుకున్న రోమన్లకు అలవాటుపడిన జనం, పాదాలకు ఒంటిరంగు గుడ్డ చుట్టుకుని వచ్చిన నటులను చూసి విరగబడి నవ్వారు. మరో చిన్న నాటకంలో గాట్‌షెడ్‌నే వేషం కట్టించింది. చుక్కల అంగీ, గబ్బిలం రెక్కలు, తలపైన తగరపు సూర్యకిరీటం, చేతిలో చీకటి లాంతరు, అంటే వెలుగును మూతతో కప్పగల లాంతరు. ఆ లాంతరుతో ప్రతి మూలా తప్పులు వెతుకుతూ తిరిగే 'తప్పులెన్నువాడు' అతని పేరు. ఆపించాలని ప్రొఫెసర్ ప్రయత్నించినా, సాక్సనీ మంత్రి బ్రూల్ అండ ఉండటంతో ప్రదర్శన సాగింది. ఆమె గెలిచింది. ఆ గెలుపుతో వచ్చింది కొన్ని సాయంత్రాల ఆదాయం మాత్రమే.

తర్వాతి పదేళ్లు పడిలేస్తూ గడిచాయి. 1743లో సమాజం చెదిరింది, మరుసటి ఏడాది మళ్లీ కూడింది. ఆ చివరి దశలోనే ఆమె చేసిన ఒక పని మిగతా అన్నిటికంటే గొప్పదని నేననుకుంటాను. లైప్‌జిగ్‌లో చదువుకుంటూ, టిక్కెట్టు డబ్బులు లేక ఫ్రెంచి నాటకాలు అనువదించి ఇచ్చి ఉచితంగా లోపలికి వచ్చే ఒక విద్యార్థి ఉండేవాడు. అతను రాసిన తొలి హాస్య నాటకం 'యువ పండితుడు'ను 1748 జనవరిలో ఆమె వేదికెక్కించింది. ఆ విద్యార్థి లెస్సింగ్. అప్పటికి పందొమ్మిదేళ్లు. అంతలోనే నటులు కొందరు అప్పులు చేసి వియన్నాకు వెళ్లిపోయారు. వాళ్లకు జామీను ఉన్న లెస్సింగ్ కూడా లైప్‌జిగ్ విడిచిపోవాల్సి వచ్చింది. పైన చెప్పిన విమర్శలు రాసింది అతనే. ఆమెకు తన కళ మీద సంపూర్ణమైన పట్టు ఉందని ఒప్పుకున్నదీ అతనే.

1750లో సమాజం మూతపడింది. 1753లో వియన్నాలో నటిగా ప్రయత్నించింది. హాన్స్‌వుర్స్ట్ అనే విదూషకుడు రాజ్యమేలుతున్న ఊరు అది. ఆమె శైలి అక్కడివారికి పాతదైంది. 1756లో ఏడేళ్ల యుద్ధం మొదలై మిగిలిన ఆశలూ పోయాయి. డ్రెస్డెన్‌లో ఒక వైద్యుడు ఆమెకు తన ఇంట్లో చోటిచ్చాడు. 1760 జులైలో ప్రష్యా సైన్యం నగరం మీద ఫిరంగులు పేల్చడంతో అక్కడి నుంచి లావుబెగాస్ట్ అనే పల్లెకు తరలింది. నవంబరు 30న, 63 ఏళ్ల వయసులో, అక్కడే మరణించింది. పాదిరి అనుమతి ఇవ్వకపోతే శవపేటికను శ్మశానం గోడ మీదుగా లోపలికి దించారని ఒక కథ ఉంది. నిజమని చెప్పడానికి తగిన ఆధారం లేదు. నటుల మీద అప్పటి చర్చి చూపిన చిన్నచూపు మాత్రం నిజమే. 1776లో ఆ పల్లెలో ఆమెకు స్మారకం కట్టారు.

ఆమె వెతికినది ఆమె శిష్యులకు దొరికింది. 1728లో ఆమె సమాజంలో చేరిన గాట్‌ఫ్రీడ్ హైన్రిష్ కోఖ్ 1749లో సాక్సనీ సనదు పొందాడు. 1766 అక్టోబరు 10న లైప్‌జిగ్‌లో నాటకాల కోసమే కట్టిన స్థిరమైన నాటకశాలను తన బృందంతో ప్రారంభించాడు. షోనెమన్ సమాజంలో 1740లో అడుగుపెట్టిన కొన్‌రాడ్ ఎఖాఫ్ 1775లో గోతా దర్బారు నాటకశాలలో నటులకు నికరమైన జీతాలతో బృందాన్ని నడిపాడు. లైప్‌జిగ్‌లో కోఖ్ ప్రారంభోత్సవానికి ఆడిన నాటకం యోహాన్ ఎలియాస్ ష్లేగెల్ రాసిన 'హెర్మన్'. ఆ రచయిత విద్యార్థిగా ఉన్నప్పుడు అతని నాటకాన్ని మొదట వేదికెక్కించింది నాయ్‌బర్ సమాజమే.